తప్పుల్లేని ఆడవాళ్లు

మా యంత్రం ఆడవాళ్ల గురించి ఒక శుభవార్త చెప్పింది. ఆ వార్త అబద్ధం. దాన్ని ఊరూరా చాటింది నేను, నష్టపోయింది మా అక్క. ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే కూడా నా వేళ్లు వెనక్కి పోయి ఎక్కడైనా తప్పు దొర్లిందేమోనని చూసుకుంటున్నాయి. సిగ్గులేని వేళ్లు.

యంత్రం పేరు జల్లెడ. విజయవాడలో మా ల్యాబులో తొమ్మిదేళ్లు తంటాలు పడి తయారుచేశాం. మాటజారుడు అని ఒక జబ్బుంది. అది మెదడులో మొదలైన మూడు నాలుగేళ్లకు గానీ పక్కవాళ్లకు కనపడదు, బయటపడ్డాక చేసేదేమీ ఉండదు. మొదలైన రెండేళ్లలోపు పట్టుకోగలిగితే మాత్రం ఆరు ఇంజెక్షన్లతో ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మరి ఎలా పట్టుకోవాలి? మనిషి రాసే తప్పుల్లో. చదువు తక్కువైనవాడు ఒక మాటను ఎప్పుడూ ఒకేలా తప్పు రాస్తాడు. జబ్బు మొదలైనవాడు అదే మాటను సోమవారం ఒక రకంగా, బుధవారం ఇంకో రకంగా తప్పు రాస్తాడు. ఈ తేడా మన కంటికి ఆనదు. ఏళ్ల తరబడి రాసిన రాతలన్నీ పోస్తే జల్లెడకు ఆనుతుంది.

అంటే మాకు కావలసింది తప్పులు. మామూలు మనుషులు రోజూ రాసే తప్పులు, వాటిని ఎవరో ఓపిగ్గా గుర్తుపెట్టి ఉంచాలి. అలాంటి గని మా బావ దగ్గరుంది.

బావ పేరు కోదండపాణి, మా అక్క అరుంధతి భర్త. ముప్పై రెండేళ్లు రిజిస్ట్రారాఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాశాడు. హద్దుల్లో ఒక్క అక్షరం తేడా వస్తే తూర్పువాడి పొలం పడమటివాడి పాలవడం, అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరగడం కళ్లారా చూసినవాడు. తప్పు రాత మీద ఆయన కోపం ఊరికే పుట్టింది కాదు, అది ఒప్పుకోవాలి. వచ్చిన చిక్కల్లా పని మానేశాక వచ్చింది. ఆ కోపాన్ని తీసుకొచ్చి ‘ఊరి చావిడి’ అనే ఫోను గ్రూపుకు అడ్మిన్‌ను చేశాడు.

ఒంగోలుకు గంట దూరంలో ఉప్పుటేరు ఒడ్డున ఉంటుంది మా ఊరు. చావిడిలో రెండు వేలమంది. ఏటి మీద వంతెన ఎక్కడ కట్టాలి, సంత ఏ రోజు పెట్టాలి, కుక్కలను ఏం చెయ్యాలి, అన్నిటి మీదా చర్చే. ఎవరు ఏం రాసినా బావ ముందు తప్పులు ఎర్రరంగులో దిద్ది కింద పెట్టేవాడు. మూడు తప్పులుంటే బెత్తం బొమ్మ. బెత్తం పడ్డవాళ్లు ఆ రోజంతా మళ్లీ నోరెత్తకూడదు. వాదించడం చేతకానివాడికి ఇంతకంటే సుఖం ఏముంటుంది? ఎదుటివాడి మాటకు జవాబు తోచకపోతే తప్పులు లెక్కపెట్టి, “పాణిగారూ, బెత్తం!” అనేవాళ్లు. అయిపోయింది చర్చ.

ఆ రాతలు అడగడానికి ఆరేళ్ల కిందట వెళ్లాను. బావ మురిసిపోయాడు.

“చూశావా అరుంధతీ! అందరూ నన్ను చాదస్తుడన్నారు. ఇప్పుడు సైన్సే మనింటికి నడిచొచ్చింది.”

“వచ్చింది సైన్సు కాదు, మా చెల్లెలు. దాన్ని ముందు తిననీయండి,” అంటూ అక్క గోంగూర పచ్చడి వడ్డించింది.

అక్క ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో ఏఎన్‌ఎంగా చేసింది. ఊరందరికీ నర్సమ్మ. ఏటికి అవతల పల్లెపాలెం ఉంది, చేపలు పట్టుకునేవాళ్ల వాడ. అక్కడికి పడవలో పోయి, మోకాలి లోతు బురదలో నడిచి కాన్పులు చేసేది. వంతెన పాలెం వైపు పడాలని చావిడిలో పోట్లాడేది కూడా ఆమే.

“బావా, ఒక్క కోరిక. ఏ తప్పూ వదలొద్దు. చిన్నదైనా సరే, మనవాళ్లదైనా సరే. మీరెంత గట్టిగా దిద్దితే మా జల్లెడకు అంత మేలు,” అన్నాను.

“అది నాకు చెప్పాలా ఇందిరా?” అన్నాడు బావ.

“ఇంకేం, ఊళ్లోవాళ్లు బతికినట్టే,” అని నవ్వింది అక్క. నేనూ నవ్వి, ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

రెండేళ్లు తిరక్కముందే జల్లెడ తొలిసారి జబ్బుందని గంట కొట్టింది. ఐసు ఫ్యాక్టరీ కొండలరావు. చావిడిలో ఆయన తిన్నన్ని బెత్తాలు ఇంకెవరూ తినలేదు. ఆయన తప్పుల్లో గత ఎనిమిది నెలలుగా వణుకు కనిపిస్తోందంది జల్లెడ. పరీక్షలు చేయిస్తే నిజం. ఆరు ఇంజెక్షన్లు వేశారు, జబ్బు ఆగింది. ఊరంతా కలిసి బావకు శాలువా కప్పింది. కొండలరావు స్టేజీ మీదే బావ కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ సాయంత్రం బావ చావిడిలో రాసింది నాకింకా గుర్తు: తప్పు దిద్దడమంటే ప్రాణం పొయ్యడమని ఇప్పటికైనా తెలుసుకోండి. ఆ పోస్టును మా ల్యాబు గోడకు అంటించింది నేనే.

తర్వాత ఇంకో పదకొండుమంది దొరికారు. పదకొండుమందీ మగవాళ్లే. చావిడిలో క్రమం తప్పకుండా రాసే ఆడవాళ్లు ఎనభై ఆరుమంది ఉంటే ఒక్కరి మీదా గంట మోగలేదు. ఇంకో మూడు ఊళ్ల గ్రూపులు తెచ్చి పోశాం. అక్కడా అదే వరస. మాటజారుడు ఆడవాళ్ల జోలికి దాదాపుగా రాదని తేలింది. ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది!

మా ల్యాబులో రాతల లెక్కలు చూసేది నస్రీన్. వయసులో నాకంటే పాతికేళ్లు చిన్న, అనుమానాల్లో పెద్ద.

“మేడమ్, నాకు ఇది మింగుడుపడటం లేదు. ఆడవాళ్ల రాతల్లో జబ్బు తప్పులు లేవంటే సరే. అసలు తప్పులే లేవు. ఐదో తరగతి చదివినావిడ కూడా దస్తావేజు రాసినట్టు రాస్తోంది,” అంది.

“ఆడవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. నువ్వు రాయవా?”

“నేను ఎమ్మెస్సీ చదివాను మేడమ్. నాకే తప్పులొస్తాయి.”

“రెండేళ్లు ఆగి ఇంకా పరీక్షలు చేద్దామంటావా? అందాకా మందు అందక మనుషులు పోతే నీకు సరేనా?” అన్నాను. పెద్దరికం అంటే అదే కదా, జవాబు లేనప్పుడు ఎదుటివాళ్ల నోరు మూయించడం. నస్రీన్ మూసుకుంది. పేపరు అచ్చయింది. మందు తక్కువగా ఉంది కాబట్టి ముందుగా యాభై దాటిన మగవాళ్లకే జల్లెడ పట్టాలని పెద్ద డాక్టర్ల సంఘం ఒకటి తీర్మానించింది. వాళ్లు పట్టుకుంది నా పేపరే.

ముందటేడు దసరా సెలవుల్లో అక్క మా ఇంటికి వచ్చింది. వంటగదిలో టీ గిన్నె ముందు నిలబడి, నా వైపు చూడకుండా అడిగింది.

“ఇందూ, నీ జల్లెడలో నేనున్నానా?”

“ఎందుకు లేవు? చావిడిలో ఉన్నవాళ్లంతా ఉన్నారు.”

“నాదేం చూపిస్తంది?”

ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాను. అక్క పేరు మీద గీత బల్ల మీద గీసినట్టు తిన్నగా ఉంది. “అద్దంలా ఉన్నావక్కా. నువ్వు నూరేళ్లొచ్చినా చావిడిలో పోట్లాడతావు,” అన్నాను.

అక్క ఆ గీతను చాలాసేపు చూసింది. “మాటలు అందటంలేదే ఒక్కోసారి. నాలిక చివర దాకా వచ్చి పోతాండయ్,” అంది.

“అరవై దాటాక అందరికీ అంతే. బలానికి మందులు వాడాల్సింది పోయి జల్లెడ మీద అనుమానపడతావా? నేను చేసిన మిషనది!”

“అట్టయితే సరేలే,” అంది. టీ వడపోసింది. నాకు ఆ మాటతో మనసు తేలికపడింది, అక్కకు కూడా పడిందనుకున్నాను.

ఈ ఏడాది మార్చిలో నస్రీన్ ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చావిడిలో ఎవరు ఏ రోజు ఎన్నిసార్లు రాశారో లెక్క.

“ఇది చూడండి మేడమ్. ఫిబ్రవరి మూడో తారీకు నుంచి పద్నాలుగు దాకా ఆడవాళ్లెవరూ రాయలేదు. ఎనభై ఆరుమందీ ఒకే రోజు ఆపారు, ఒకే రోజు మొదలెట్టారు. మగవాళ్లు మాత్రం మామూలే.”

“పెళ్లిళ్ల రోజులేమో.”

“అందరికీ ఒకేసారా? ఒక్కరే రాశారు ఆ పన్నెండు రోజుల్లో. అదీ ఒకే ఒక్క పోస్టు. మీ అక్కగారు.”

ఆ పోస్టు నాకు తెలుసు. వంతెన బజారు వైపే పడాలని ఎవరో రాస్తే అక్క ఊరుకోలేక జవాబిచ్చింది. తొమ్మిది తప్పులు. బావ తొమ్మిదింటినీ ఎర్రగా దిద్ది బెత్తం పెట్టి, చావిడిలో చుట్టరికాల్లేవు, నా ఇంటిదానికైనా ఇదే శిక్ష అని రాశాడు. నాలుగొందల చప్పట్లు పడ్డాయి. ఎంత నిక్కచ్చి మనిషో అని నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను.

“తొమ్మిది తప్పుల్లో మూడు ఒకే మాట మేడమ్. మూడు రకాలుగా ఉంది,” అంది నస్రీన్. గొంతు బాగా తగ్గించి అంది, నన్ను చూసి జాలిపడుతున్నట్టుగా.

కారు తీసి నేరుగా మా ఊరికి పోయాను. అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. బావ లోపల ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు.

“అక్కా, చావిడిలో నీ పోస్టులు ఎవరు రాస్తారు?”

“ఏందే ఆ ప్రశ్న? నేనే రాస్తా.”

“దిద్దేదెవరు?”

అక్క చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. లోపలికి ఒకసారి చూసి, ఒళ్లో ఉన్న ఫోను తీసి నా చేతికిచ్చింది.

అందులో ఇంకో గ్రూపు ఉంది. పేరు ‘పెరడు’. చావిడిలో రాసే ఆడవాళ్లందరూ ఉన్నారు. ఐదేళ్లుగా నడుస్తోంది. చావిడిలో పెట్టాలనుకున్నది ముందు పెరట్లో పెట్టాలి. తెలిసినవాళ్లు తెలిసినంత దిద్దుతారు. ఆఖర్న కరుణ టీచరు చూస్తుంది, బళ్లో తెలుగు చెప్పి రిటైరయినావిడ. ఆవిడ సరేనన్నాకే చావిడికి పోతుంది. ఫిబ్రవరిలో ఆవిడ కంటి ఆపరేషను చేయించుకుంది. పన్నెండు రోజులు ఫోను చూడొద్దన్నారు. అందరూ నోరు కట్టుకుని కూర్చున్నారు.

“వాకిట్లోకి రావాలంటే మొహం కడుక్కుని రావాల గదా,” అంది అక్క. “మగోళ్లు బెత్తం తింటే నవ్వి ఊరుకుంటారు. మాకు బెత్తం పడితే మర్నాడు కూరగాయల కొట్టు కాడ కూడా అదే మాట.”

ప్రతి ఊళ్లోనూ ఒక బావ ఉంటాడనీ, ఆ బావ వెనక ఒక పెరడు ఉంటుందనీ పదకొండు దేశాలకు పంపిన నా పేపర్లో ఎక్కడా లేదు.

“నాకెందుకు చెప్పలేదక్కా? దసరాకు మా ఇంట్లో అడిగావే, అప్పుడైనా!”

“జల్లెడంటే అన్నీ దానికి తెలుస్తయ్యనుకున్నా. టీచరు దిద్దినా లోపలిది చూస్తదేమో అనుకున్నా. నువ్వు కూడా అంత గట్టిగా చెప్తివి.” ఒక కాయ తుంచి అంది, “అయినా మనవాళ్లదైనా వదలొద్దని చెప్పింది నువ్వే గదే. పచ్చడేస్తా విన్నాను. మీ బావ ఒక్కడే అయితే నేను లెక్కజేసేదాన్ని కాదు. పెద్ద చదువు చదివిన నా చెల్లెలు కూడా అట్టా అనేసరికి, నా రాత నీ కంట పడకూడదనుకున్నా.”

ఆ గచ్చు మీదే కూర్చుని, ఐదేళ్ల పెరటి రాతలను, ఎవరూ దిద్దకముందు అక్క రాసినవి రాసినట్టుగా, ల్యాప్‌టాప్‌లో పోశాను. ముప్పై నిమిషాలు పట్టింది. అక్క చిక్కుడుకాయలన్నీ తుంచేసింది. గీత వచ్చింది. కొంతదూరం తిన్నగా పోయి, తర్వాత వణికింది. ఆ వణుకు ఆగలేదు.

“ఎప్పట్నించి?” అంది అక్క. రోగిని అడిగే గొంతు అది, నర్సమ్మ గొంతు.

“మూడేళ్ల రెండు నెలలు.”

వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. రెండుసార్లు తప్పింది, మూడోసారి నేనే చెప్పాను. “దసరా నాటికి ఇరవై నెలలక్కా.”

“అంటే అప్పటికింకా నాలుగు నెలలుంది.”

“ఉంది.”

నాకు ఏడుపు ఆగలేదు. అక్క ఏడవలేదు. పళ్లెం పక్కన పెట్టి, నా భుజం తట్టి, “మిగతావాళ్లవి కూడా పొయ్యి,” అంది. “నువ్వు తర్వాత ఏడుద్దువు గానీ.”

మిగతా ఎనభై ఐదుమందివీ పోశాను. ఇంకో ఏడుగురు తేలారు. అందులో నలుగురికి ఇంకా గడువుంది. దర్జీ రత్నకుమారికి పద్నాలుగు నెలలే అయింది. అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుని, అక్కడికక్కడే ఆమెకు ఫోను చేసి, “రత్నం, మిషను ఆపి ఇట్టా రా. భయపడబాక, మంచికే,” అంది.

బావ బయటికి వచ్చాడు. జరిగింది చెప్పాను. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“నాకొక్క మాట చెప్తే సరిపోయేది గదా అరుంధతీ.”

“చెప్తే ఏం చేసేవోళ్లు?”

బావ చేతిలోని ఫోను వైపు చూశాడు.

“దిద్దేవోళ్లు,” అంది అక్క.

“మరి తప్పు రాయమని చెప్పాలా నేను?” అన్నాడు బావ. నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు ఇందిరా. నేను దిద్దబట్టేగా కొండలరావు బతికాడు? అవునా కాదా?”

అవును. అది కూడా నిజమే. ఆయన బెత్తమే పన్నెండుమందిని కాపాడింది, ఆయన బెత్తమే అక్కను ముంచింది. ఆ బెత్తాన్ని ఇంకా గట్టిగా పట్టుకోమన్నది నేను. అక్కే లేచి వెళ్లి ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నా పేపరుకు సవరణ వేయించాను. పత్రిక చివరి పేజీలో ఆరు వరసల్లో వేశారు. శుభవార్తకు మాత్రం అట్ట మీద బొమ్మ వేశారు. ఆడవాళ్లకు కూడా జల్లెడ పట్టడం మొదలైంది. రత్నకుమారికీ ఇంకో ముగ్గురికీ ఇంజెక్షన్లు పడ్డాయి. వాళ్లు బాగున్నారు. నస్రీన్ వేరే ల్యాబుకు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నాకు కష్టంగా ఉంది.

బావ చావిడిలో బెత్తం తీసేశాడు. ఇకమీద ఎవరి తప్పులూ దిద్దనని రాసి, అక్క సంగతి కూడా రాశాడు. రాయకుండా ఉంటే బాగుండేది. పెరడు మూతపడింది. అక్క ఇప్పుడు నేరుగా చావిడిలోనే రాస్తోంది, రోజుకు రెండు మూడు పోస్టులు, మాటలు ఎటు పోతే అటు. ఎవరూ దిద్దరు, ఎవరూ వాదించరు. పోస్టు పడీపడగానే పువ్వుల బొమ్మలు, దణ్ణాల బొమ్మలు పడతాయి. నర్సమ్మగారు త్వరగా కోలుకోవాలి అంటారు. ఆమె వంతెన గురించి రాసినా అదే, కుక్కల గురించి రాసినా అదే.

ఆ రాతలన్నీ నేను రోజూ జల్లెడలో పోసి చూస్తున్నాను. జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో తెలుసుకోవాలి కదా. అక్క కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకుంటాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. మాట మాటకూ మధ్య చాలా ఖాళీ ఉంటోంది ఇప్పుడు.

“ఇందూ. పొద్దున నేను రాసింది చూశావా?”

“చూశానక్కా.”

“ఏం రాశానో చెప్పు.”

పదిహేడు తప్పులు. అందులో ఆరు కొత్తవి. కిందటి వారం కంటే గీత రెండు గళ్లు కిందికి జారింది. ఇవన్నీ నాకు తెలుసు. ఏం రాసిందో తెలియదు.

“వంతెన గురించేగా?” అన్నాను.

“నువ్వు కూడా చదవలేదన్నమాట,” అని పెట్టేసింది. ఆ మాటలు మాత్రం ఎక్కడా తడబడకుండా అంది.

చావిడి తెరిచి చదివాను. తప్పులు పక్కన పెట్టి చదివితే అక్క అడిగింది ఇదీ: పాలెంలో రాయడం రాని ఆడవాళ్లు మూడొందల మంది ఉన్నారు. ఫోనుల్లో రాసేవాళ్లకు జల్లెడ ఉంది. వాళ్లకు ఈ జబ్బు మొదలైతే ఎవరు, ఎట్లా కనుక్కుంటారు? నాకు మాట ఉండగానే ఎవరన్నా చెప్పండి.

దానికింద జవాబు ఒక్కటి కూడా లేదు. అరవై మూడు పువ్వులున్నాయి. అందులో ఒకటి నేను పెట్టింది.